నేల మీది త్రీడీ బొమ్మ స్క్రీన్‌లో ఉన్నట్టు ఎందుకు రాదు? ఫోన్‌లో కనిపించే లోతు కంటికి ఎందుకు కనిపించదు?

నమస్కారం అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాయగడలో మీ వీధి వినాయక మండపం ముందు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు సిమెంటు నేల ఉంది. అక్కడ నేల విరిగి కింద నాగావళి పారుతున్నట్టు, మీద చెకాగుడ వేలాడే వంతెనలాంటిది ఉన్నట్టు బొమ్మ పెట్టాలనుకున్నారు. స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి దాన్నే ఫ్లెక్సీ కొట్టించి పరిచారు. స్క్రీన్ మీద అంత బాగున్నది నేల మీద పొట్టిగా, చదునుగా, మామూలు పోస్టరు పరిచినట్టు ఉంది. ఫోన్ కెమెరాలో చూస్తే కాస్త లోతు తెలుస్తోంది కానీ కంటికి అదీ లేదు. పండగలోపు సరిచేసుకోవచ్చా అని అడిగారు.

సరిచేసుకోవచ్చు. మోడల్ కూడా మళ్లీ చేయక్కర్లేదు. స్క్రీన్‌షాట్ అనేది కంటికి ఎదురుగా నిలబెట్టి చూడాల్సిన బొమ్మ. మీరు దాన్ని పడుకోబెట్టారు. నేల మీద పరిచే బొమ్మ వేరేలా ఉండాలి. చూసేవాడి కన్ను ఫలానా చోట, ఫలానా ఎత్తులో ఉంటుందని ముందే తేల్చుకుని, అక్కణ్ణించి చూస్తేనే సరిగ్గా కూర్చునేలా సాగదీసిన బొమ్మ అది. దీన్నే అనమార్ఫిక్ బొమ్మ అంటారు. మీ ప్రశ్నలో నేల కొలతలు, ఫ్లెక్సీ కొలతలు, మోడల్ కొలతలు అన్నీ ఉన్నాయి. చూసేవాళ్లు ఎక్కడ నిలబడతారన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. అసలు మొదలుపెట్టాల్సింది అక్కణ్ణించే.

నేను బరంపురంలో పాతికేళ్లుగా బోర్డుల పని, ఫ్లెక్సీల పని చేస్తున్నాను. ఈ నేల బొమ్మలు పదేళ్ల నుంచి చేస్తున్నాను. మా నాన్నగారు సినిమా బ్యానర్లు వేసేవారు. రెండంతస్తుల ఎత్తు బ్యానర్ అయితే హీరో నుదురు, జుట్టు కొలత కంటే కొంచెం పెద్దవిగా వేసేవారు. చిన్నప్పుడు పక్కనే నిలబడి చూసి తల పెద్దదైపోయిందని చెప్పేవాణ్ణి. రోడ్డు మీదికి తీసుకెళ్లి తలెత్తి చూడమనేవారు. అక్కణ్ణించి ముఖం సరిగ్గా ఉండేది. రోడ్ల మీద 'స్లో' అని రాసిన అక్షరాల పక్కన ఎప్పుడైనా నిలబడి చూడండి, తాటిచెట్ల లాగా పొడుగ్గా ఉంటాయి. బండిలో వచ్చేవాడికి మామూలు అక్షరాల్లా కనిపించాలని అలా రాస్తారు. టీవీలో క్రికెట్ చూసేటప్పుడు గడ్డి మీద కంపెనీ పేర్లు నిలబెట్టిన బోర్డుల్లా కనిపిస్తాయి కదా, వాటిదీ ఇదే లెక్క. అక్కడ కన్ను అంటే టీవీ కెమెరా.

కన్ను ఉన్న చోట బల్బు పెట్టండి

లెక్కలోకి వెళ్లే ముందు ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. మీ కన్ను ఉండే చోట ఒక బల్బు వేలాడదీశారనుకోండి. దాని ముందు నేల మీద ఒక స్టీలు గ్లాసు పెడితే నీడ వెనక్కి సాగి పడుతుంది. ఆ నీడ ఎంత మేర పడిందో సరిగ్గా అంత మేర గ్లాసు బొమ్మ వేసి, గ్లాసు తీసేసి, బల్బు ఉన్న చోట కన్ను పెట్టి చూస్తే గ్లాసు అక్కడే నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. మన తోలుబొమ్మలాట గానీ, ఒడియావాళ్ల రావణఛాయ గానీ చూసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. బొమ్మను దీపం దగ్గరికి తెచ్చేకొద్దీ నీడ పెరుగుతుంది. కంప్యూటర్‌లో కెమెరా చేసేది కూడా ఈ బల్బు పనే.

ఇప్పుడు మీ నేలకే లెక్క వేద్దాం. ఫోన్ పట్టుకునే ఎత్తు 5 అడుగులు అనుకోండి. ఫ్లెక్సీ మొదటి అంచుకు 6 అడుగుల ఇవతల నిలబడతారనుకోండి. ఆ అంచు మీదే 2.5 అడుగుల ఎత్తున్న కుండ నిలబడినట్టు కనిపించాలంటే, దూరాన్ని కంటి ఎత్తుతో గుణించి, కంటి ఎత్తులోంచి కుండ ఎత్తు తీసేయగా మిగిలినదానితో భాగించాలి. 6 ఇంటూ 5, 30. దాన్ని 2.5తో భాగిస్తే 12. అంటే కుండ మూతి మీరు నిలబడే చోటు నుంచి 12 అడుగుల దగ్గర పడుతుంది. రెండున్నర అడుగుల కుండకు ఆరడుగుల బొమ్మ వేయాలన్నమాట. మూతి వెడల్పు కూడా రెట్టింపు అవుతుంది. కుండ 3 అడుగులైతే మూతి 15 అడుగుల దగ్గరికి పోతుంది. 4 అడుగులైతే 30 దగ్గరికి. మీ ఫ్లెక్సీ 26 దగ్గరే అయిపోతుంది. సరిగ్గా 5 అడుగులైతే ఆ నీడ ఎంత దూరం పోయినా నేలను తాకదు. కంటి కంటే ఎత్తైన వస్తువును ఉత్త నేల మీద చూపించడం ఎవరివల్లా కాదు. వెనక గోడ ఉంటేనే అవుతుంది. పై భాగం గోడ మీద పడుతుంది, అక్కడ సాగడం కూడా తక్కువ.

అందుకే మొదటిసారి చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేదొకటుంది. పైకి లేచే బొమ్మ జోలికి పోకండి, కిందికి దిగే బొమ్మ పెట్టుకోండి. బావి, మెట్లు, గొయ్యి, నది. కిందికి దిగేది సాగదు, ముడుచుకుంటుంది. గొయ్యి బొమ్మంతా గొయ్యి నోటిలోపలే ఉండిపోతుంది. మీరు నది ఎంచుకోవడం మంచిదైంది.

కిందికి దిగేదానికి భాగించేటప్పుడు కంటి ఎత్తులోంచి తీసేయడానికి బదులు దానికి లోతును కలపాలి. ఒక చిట్కా ఏమిటంటే కంటి ఎత్తు ఎంతో లోతు కూడా అంతే పెట్టుకుంటే లెక్కంతా సగానికి సగం అవుతుంది. మీ ఫ్లెక్సీలో చుట్టూ ఒక్కో అడుగు మామూలు సిమెంటు నేలలా వదిలేయండి. ఆ అడుగు వెడల్పు పట్టీయే చూసేవాడిని నమ్మిస్తుంది. దాని రంగు మీ నేల రంగుతో కలవాలి, అందుకని మీ నేలనే ఫోటో తీసి వాడండి. ఇక మీరు నిలబడే చోటు నుంచి కొలిస్తే గొయ్యి 7 అడుగుల దగ్గర మొదలై 25 దగ్గర ఆగుతుంది. వెడల్పు 8 అడుగులు, అంటే నడిగీతకు అటూ ఇటూ నాలుగేసి. నీళ్లు 5 అడుగుల లోతులో ఉన్నాయనుకుంటే, అవతలి గట్టు అడుగుభాగం 25లో సగం, అంటే పన్నెండున్నర దగ్గర పడుతుంది. 7 నుంచి 12.5 దాకా నీళ్లు, అక్కణ్ణించి 25 దాకా అవతలి గట్టు. నీళ్ల వెడల్పు అటు రెండు, ఇటు రెండు అడుగులు. నది ఇంకా లోతుగా ఉండాలని 15 అడుగులు పెట్టారనుకోండి, నీళ్లు అసలు కనిపించవు. 25ని 5తో గుణించి 20తో భాగిస్తే 6.25. అది గొయ్యి అంచుకు ఇవతలే పడింది. కనిపించేదంతా మట్టి గోడే. లోతు పెంచితే బొమ్మ బాగుంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక బావి బొమ్మ చెడగొట్టాను.

ఇంకొకటి చెబుతాను, ఇది పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు, నేల మీద పని చేస్తుంటే పట్టుబడింది. నిలువు గీతలన్నీ చూసేవాడి పాదాల దగ్గర కలుస్తాయి. గొయ్యి మూలలు, గట్టు మీద పగుళ్లు, వేలాడే వేళ్లు, నిటారుగా కిందికి దిగే ప్రతి గీతా అంతే. కాబట్టి కెమెరాకు సరిగ్గా కింద ఒక మేకు కొట్టండి. దానికి పురికొస కట్టి, తెల్లని ముగ్గుపిండి బాగా పట్టించి, గొయ్యి మూల దాకా బిగించి లాగి, మధ్యలో వేలితో ఎత్తి వదలండి. గీత పడుతుంది. అవతలి మూల నడిగీతకు 4 అడుగుల పక్కన, 25 అడుగుల దూరంలో ఉంది. ఆ తాడు మీదే సగం దూరంలో నీటి మట్టం వస్తుంది, పక్కకు రెండు, దూరం పన్నెండున్నర. ప్రింటయిన ఫ్లెక్సీ మీద కూడా నేను ముందు ఇలాగే తాడు లాగి చూస్తాను. బొమ్మలోని నిలువు గీత తాడుతో కలవలేదంటే కంప్యూటర్‌లో ఎక్కడో తప్పు జరిగినట్టే.

వంతెన సంగతి

వంతెన చెక్కలు నేల మట్టానికే పెట్టండి. నేల మట్టంలో ఉన్నదేదీ సాగదు, ముడుచుకోదు. ఒక అడుగు చెక్కకు ఒక అడుగే వేయాలి. మనిషి దాని మీద నిజంగానే నిలబడతాడు కాబట్టి ఫోటోలో మోసం దొరకదు. వంతెనను నిలువుగా కాకుండా అడ్డంగా, 12 నుంచి 14 అడుగుల మధ్య వేయండి. ముందు నీళ్లు, వెనక గట్టు, మధ్యలో మనిషి. చెక్క మందం 3 అంగుళాలనుకుంటే నేల మీద దాని ముందు పట్టీ దాదాపు 7 అంగుళాలు వస్తుంది. ఈ పట్టీని ముదురు గోధుమ రంగులో, అడుగంచు ఇంకా నల్లగా చేయండి. గాలిలో వేలాడుతున్నట్టు అనిపించేది ఎక్కువగా దీనివల్లే.

పక్క తాళ్లు మాత్రం బొమ్మలో వద్దు. మూడడుగుల కర్ర అక్కడ వేస్తే దాని కొస 30 అడుగుల దగ్గరికి పోతుంది. వంతెన రెండు కొసల్లో నిజం వెదురు కర్రలు పాతి, నిజం కొబ్బరి తాడు కట్టండి. నిజమైన వస్తువు ఒక్కటి పక్కన ఉంటే బొమ్మ కూడా నిజమనిపిస్తుంది.

కంప్యూటర్‌లో ఎలా

మీ స్కెచప్ మోడల్‌తోనే అయిపోతుంది. పొజిషన్ కెమెరా టూల్‌తో నిలబడే చోటు మీద క్లిక్ చేసి, కంటి ఎత్తు 5 అడుగులు కొట్టండి. కెమెరా పర్‌స్పెక్టివ్‌లోనే ఉందో లేదో చూసుకోండి. 10 బై 20 నేల నాలుగు మూలలూ ఫ్రేములో పడాలి. పట్టకపోతే ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే కెమెరాకు పట్టే మేర, పెంచండి, కెమెరాను మాత్రం వెనక్కి జరపొద్దు. జరిపితే కన్ను జరిగినట్టే, లెక్కంతా పోతుంది. వీలైనంత పెద్ద సైజులో బొమ్మ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫోటోషాప్‌లో పర్‌స్పెక్టివ్ క్రాప్ తీసుకుని ఆ నాలుగు మూలలూ పట్టుకుని, 10 బై 20 సైజుకు తెరవండి. అదే మీ ఫ్లెక్సీ ఫైలు. ఫోటోషాప్ లాంటిదే అయిన గింప్‌లో అయితే పర్‌స్పెక్టివ్ టూల్‌ను కరెక్టివ్‌లో పెట్టి ఇదే పని చేయొచ్చు. చదును నేలకు ఈ పద్ధతి ఉజ్జాయింపు కాదు, పక్కాగా సరిపోతుంది. దూరపు కొస కాస్త మసకగా కనిపిస్తుంది, కంగారు పడకండి. నిలబడే చోటు నుంచి చూసేవాడికి ఆ మసక తెలియదు.

నేలతోపాటు గోడ కూడా ఉంటే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ మేలు. కెమెరా పెట్టి రెండర్, అంటే మోడల్ నుంచి బొమ్మ, తీసి, యూవీ ప్రాజెక్ట్ మాడిఫయర్‌తో ఆ రెండర్‌నే నేల మీదికి ప్రొజెక్ట్ చేసి, పైనుంచి ఆర్థోగ్రాఫిక్ కెమెరాతో, అంటే దూరంతో సైజు మారని కెమెరాతో, ఇంకో రెండర్ తీయాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. నేల ప్లేన్‌ను ముందు చాలాసార్లు సబ్‌డివైడ్ చేయాలి, అంటే చిన్న చిన్న గడులుగా విడగొట్టాలి. నేను ఒకసారి అది మర్చిపోయి 200 చదరపు అడుగుల ఫ్లెక్సీ వృథా చేశాను. నాలుగు మూలలూ సరిగ్గా కూర్చున్నాయి, మధ్యలో ఏటవాలుగా ఒక గీత మీద బొమ్మంతా విరిగినట్టు వంగిపోయింది. స్క్రీన్ మీద చిన్నగా చూసినప్పుడు తెలియలేదు, పరిచాక తెలిసింది. రెండోది, రంగుల సెట్టింగైన వ్యూ ట్రాన్స్‌ఫామ్‌ను స్టాండర్డ్‌లో పెట్టండి. లేకపోతే రెండుసార్లు రెండర్ అయ్యేసరికి రంగులు పాలిపోతాయి.

ఫ్లెక్సీ వద్దు, రంగులతో చేతితోనే వేస్తామంటే ఆ ఫైలు మీద అడుగు బై అడుగు గడులు గీసి, నేల మీద కూడా అవే గడులు కొట్టి, ఒక్కో గడి చూసి వేసుకుంటూ పోవడమే. చుక్కలు పెట్టి ముగ్గు వేసే ఆడవాళ్లు దీన్ని మాకంటే తొందరగా పట్టుకుంటారు, నేను చాలాసార్లు చూశాను. గడుల పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో నిసెరాన్ అనే సన్యాసి 1638లోనే దీని జ్యామితి మీద పుస్తకం వేశాడు.

ఏ పద్ధతిలో చేసినా, ఫ్లెక్సీకి ఇచ్చే ముందు ఒక ఏ3 కాగితం మీద అడుగుకు 2 సెంటీమీటర్ల చొప్పున ప్రింట్ తీయండి. 20 బై 40 సెంటీమీటర్లు వస్తుంది. బల్ల మీద పరిచి, అంచుకు 12 సెంటీమీటర్ల ఇవతల, 10 సెంటీమీటర్ల ఎత్తులో ఫోన్ లెన్సు పెట్టి చూడండి. అక్కడ గొయ్యి కనిపిస్తే నేల మీదా కనిపిస్తుంది.

ఫోన్‌కు కనిపించింది కంటికి ఎందుకు కనిపించదు

ఫోన్‌కు ఒకటే కన్ను. మనకు రెండు, వాటి మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైనే. రెండు కళ్లకూ కొద్దిగా వేరు వేరు బొమ్మలు అందుతాయి. ఆ తేడాను బట్టి మెదడు ఇది చదును నేల అని పసిగడుతుంది. తల కొంచెం కదిలినా దొరికిపోతుంది. అమెరికాలో ఏడెల్బర్ట్ ఏమ్స్ అనే శాస్త్రవేత్త వంకర గది ఒకటి కట్టించాడు. అందులో ఒక మూల నిలబడ్డ మనిషి మరుగుజ్జులా, ఇంకో మూల నిలబడ్డవాడు రాక్షసుడిలా కనిపిస్తారు. అది కూడా ఒంటి కన్నుతో, చిన్న రంధ్రంలోంచి చూడాలి. పర్లాకిమిడిలో ఒక బడి ఎగ్జిబిషన్‌కు మేం బావి బొమ్మ వేసినప్పుడు, స్టాండుకు అట్టముక్క కట్టి రూపాయి బిళ్లంత రంధ్రం చేశాం. అంతవరకు బొమ్మను తొక్కుకుంటూ పరిగెత్తిన పిల్లలు, ఆ రంధ్రంలోంచి చూశాక అంచు దగ్గర ఆగి కాలు చాపి నేలను తడిమి చూశారు.

మీ దగ్గర ఇంత జనానికి రంధ్రం కుదరదు. దూరంగా నిలబెడితే రెండు కళ్ల తేడా తగ్గుతుంది, కానీ బొమ్మలో కనిపించే నీళ్లు తగ్గిపోతాయి. 6 అడుగులకు బదులు 12 అడుగుల దూరం పెట్టారంటే, మీ అయిదున్నర అడుగుల నీళ్లు రెండున్నరకు పడిపోతాయి. దానికంటే ఎత్తు పెంచడం మేలు. చూసేవాళ్లను రెండడుగుల బల్ల మీద గానీ, మండపం మెట్ల మీద గానీ నిలబెడితే కంటి ఎత్తు 7 అవుతుంది, నీళ్లు ఏడున్నర అడుగులకు పెరుగుతాయి. మీ మండపానికి మెట్లు ఉంటే బొమ్మను మెట్ల వైపు నుంచి చూసేలా తిప్పడం గురించి ఆలోచించండి. దర్శనం చేసుకుని దిగేవాళ్లు అక్కడ ఒక్క క్షణం ఎలాగూ ఆగుతారు.

ఎక్కడ నిలబెట్టినా ఆ చోటును గుర్తుగా వేయాలి. రోమ్‌లో సంత్ ఇగ్నాజియో చర్చి పైకప్పును ఆండ్రియా పోజో అనే చిత్రకారుడు 17వ శతాబ్దం చివర్లో చిత్రించాడు. వంపు తిరిగిన కప్పు మీద ఇంకో అంతస్తు ఆకాశంలోకి లేచినట్టు ఉంటుంది. అంత పనిమంతుడు కూడా ఎక్కడ నిలబడాలో చూపడానికి కింద నేల మీద పాలరాతి బిళ్ల పెట్టించాడు. మీరు పసుపు రంగుతో రెండు పాదాలు వేసి, 'ఇక్కడ నిలబడి ఫోటో తీయండి' అని తెలుగులో, ఒడియాలో రాయండి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, గుణుపురంలో నా మొదటి పెద్ద బొమ్మ దీనివల్లే పోయింది. నేను 6 అడుగుల దూరానికి లెక్క వేసి రాత్రంతా కూర్చుని రంగులు వేశాను. పొద్దున్నే ఉత్సవం చేసేవాళ్లు బొమ్మ పాడవుతుందని చుట్టూ 12 అడుగుల దూరంలో తాడు కట్టేశారు. నిలబడే చోటు తాడు లోపల ఉండిపోయింది. వచ్చినవాళ్లందరూ తాడు అవతలినుంచి వంకర మెట్లు చూసి వెళ్లిపోయారు. వాళ్ల తప్పు కూడా కాదు, ఆ చోటు సంగతి నేను వాళ్లకు ముందు చెప్పలేదు. అప్పటినుంచి బారికేడ్ ఎక్కడ కడతారో తెలియకుండా మోడల్ మొదలుపెట్టను.

ఫ్లెక్సీ విషయంలో మీ వెడల్పు 10 అడుగులే కాబట్టి మామూలు రోల్‌లోనే అతుకు లేకుండా వస్తుంది. మెరిసేది వద్దు, మ్యాట్ అడగండి. మండపం సీరియల్ లైట్లు దాని మీద మెరిస్తే లోతు పోతుంది. మడత పెట్టించకండి, చుట్టి తెచ్చుకోండి. బొమ్మలో వెలుగు ఏ వైపు నుంచి వస్తుందో, సాయంత్రం మీ ఫ్లడ్ లైటు కూడా ఆ వైపే ఉండాలి. లేకపోతే మనిషి నీడ ఒక వైపు, వంతెన నీడ ఇంకో వైపు పడతాయి.

చవితి వానల్లో వస్తుంది. తడిసిన ఫ్లెక్సీ మీద కాలు జారుతుంది, పైన షామియానా తప్పకుండా వేయండి, అంచులన్నీ టేపుతో నేలకు అంటించండి. నడిచే దారిలో అస్సలు పెట్టకండి. ఒకసారి ఒక పెద్దావిడ మా గొయ్యి అంచుకు వచ్చి ఉలిక్కిపడి వెనక్కి పడబోయారు, మనవరాలు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు బొమ్మ బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు గానీ, నాకు మాత్రం రాత్రి దాకా టెన్షన్ తగ్గలేదు.

మండపం మెట్ల ఎత్తు ఎంత, మెట్ల నుంచి ఆ నేల ఎంత దూరం, తాడు ఎక్కడ కడతారు, లైటు ఏ వైపు వస్తుంది, ఇవి రాయండి. స్కెచప్ ఫైలు కూడా పెడితే నేలకు సరిపోయే బొమ్మ నేనే తీసి పెడతాను. ఏ3 కాగితం మీద గొయ్యి కనిపించేదాకా ఫ్లెక్సీకి మాత్రం ఇవ్వకండి.